నిమ్మాకు పురుగు

సీతాకోకచిలుకల కోసం కెమెరా పట్టుకుని తిరిగిన రోజుల్లోనే నేను వాటి పిల్లల మీద మందు కొట్టించాను. డబ్బులిచ్చి మరీ కొట్టించాను. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. సిగ్గే కారణం. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢజీవి అంటూ బోర్డు మీద నాలుగు బొమ్మలు గీసి, మధ్యలో బాణం గుర్తులు పెట్టి, ఏళ్ల తరబడి పిల్లల చేత అప్పజెప్పించుకున్నదాన్ని. నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. తెలుసు. తెలిసిందే కళ్లముందు చెట్టు మీద పాకుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

మా అత్తగారి ఊరు చిన్న మంగళారం. హైదరాబాదు నుంచి చేవెళ్ల దారిలో మొయినాబాద్ దాకా వచ్చి, అక్కడి నుంచి లోపలికి పోవాలి. మామయ్య పోయాక పట్నం రమ్మని ఎంత పిలిచినా అత్తమ్మ రాలేదు. ఇంటి వెనక కొంచెం చెలక ఉంది. మామిడి చెట్లు, ఒక పెద్ద నిమ్మచెట్టు, ఆ తర్వాత నాటిన చిన్న నిమ్మమొక్కలు, ఒక కల్యమాకు (కరివేపాకు) చెట్టు ఉన్నాయి. చుట్టుపక్కల టమాటా, క్యారెట్, బంతి, చామంతి వేస్తారు. ఇంకా ముందుకు పోతే పాలీహౌసుల్లో పట్నం బొకేల కోసం పెంచే పూలుంటాయి. సెలవు దొరికితే అక్కడికే వెళ్లేవాళ్లం. నాకు ఊరు నచ్చడానికి మొదట అత్తమ్మ చేతి వంట కారణం, తర్వాత సీతాకోకచిలుకలు.

మన దేశంలో 2020 నుంచి సెప్టెంబరును ‘బిగ్ బటర్‌ఫ్లై మంత్’గా జరుపుకుంటున్నారు. వానలకు గడ్డీ గాదం ఏపుగా లేచే నెల అది. ఎవరి ఊళ్లో, ఎవరి పెరట్లో కనిపించిన సీతాకోకచిలుకలను వాళ్లు ఫొటో తీసి లెక్క రాస్తారు. తోటి టీచరు ఒకామె నన్ను అందులో చేర్చింది. ఐజాక్ కెహిమ్‌కర్ రాయగా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 2008లో వేసిన పుస్తకం కొనుక్కున్నాను. దేశంలో 1300 పైచిలుకు జాతులున్నాయని చదివి, వాటిలో మన వైపు కనిపించేవన్నీ నా కెమెరాలోకి రావాలని పట్టుబట్టాను. దాచుకున్న డబ్బుతో మాక్రో లెన్స్ కూడా కొన్నాను.

ఆ పని నేర్చుకోవడంలో ఉన్న ఆనందాన్ని తక్కువ చేసి చెప్పలేను. సీతాకోకచిలుకకు ఒంట్లో సొంత వేడి ఉండదు. పొద్దున్నే ఎండకు రెక్కలు పరిచి, ఎగరడానికి కావలసిన వేడి ఛాతీ కండరాలకు పట్టేదాకా కూర్చుంటుంది. మనకు దొరికే సమయం అదే. నీడ దాని మీద పడకూడదు. పడితే లేచిపోతుంది. నిలబడి దగ్గరికి పోకూడదు, ఒంగి, ఆగి, మళ్లీ ఒంగి పోవాలి. దాని కళ్లు రూపం కన్నా కదలికను ముందు పసిగడతాయి. లెన్స్ దగ్గరయ్యేకొద్దీ ఫోకస్ అందే లోతు వెంట్రుకవాసి అవుతుంది. అందుకని కెమెరాను రెక్కకు సరిగ్గా సమాంతరంగా పట్టుకోవాలి. లేకపోతే కన్ను స్పష్టంగా వచ్చి రెక్క అంచు మసకబారుతుంది. కొన్నింటిని గుర్తుపట్టాలంటే రెక్క పైభాగం చాలదు, అడుగుభాగం కూడా తీయాలి. వాన వెలిశాక బురద పట్టిన బండిదారిలో పదీ ఇరవై కలిసి నీళ్లు పీలుస్తూ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ మగవే. ఉప్పు కోసం, ఖనిజాల కోసం వస్తాయి. జతకట్టినప్పుడు ఆ ఉప్పు ఆడదానికి, దాని నుంచి గుడ్లకు చేరుతుంది. బురదలో మోకాళ్లమీద కూర్చుని వాటిని తీసిన పొద్దులు నా జీవితంలో మంచి పొద్దులు.

సీతాకోకచిలుకను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, చలికి మొద్దుబారాక పువ్వు మీద పెట్టి ఫొటో తీసేవాళ్లు ఉన్నారని విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. నేను ఏనాడూ ఒక్క రెక్కను ముట్టుకోలేదు. కదలకుండా గంటలు కాచుకున్నాను గాని దేన్నీ బాధపెట్టలేదు. అలా అనుకునేదాన్ని, అందరి ముందూ అనేదాన్ని కూడా.

ఆ ఊపులో చెలక పక్కన ‘బటర్‌ఫ్లై గార్డెన్’ వేద్దామని పూనుకున్నాను. మొయినాబాద్ రోడ్డు మీది నర్సరీ నుంచి పెంటాస్, జినియా, రంగురంగుల లాంటానా తెప్పించాను. వాటికి చోటు చేయడానికి గట్టు పొడవునా ఉన్నదంతా పీకించాను. గంగవాయిలి కూర, గిలిగిచ్చ, ఉత్తరేణి, గడ్డి, అన్నీ పోయాయి. జిల్లేడు పొదలన్నీ కొట్టించేదాన్నే, రథసప్తమికి ఆకులు కావాలని అత్తమ్మ ఒక పొదకు అడ్డం నిలబడింది. ‘ఒక్క చెట్టుంటే నీదేం బోతది బిడ్డా’ అన్నది. సరేనని వదిలేశాను. పెంటాస్ పూయగానే సీతాకోకచిలుకలు వచ్చాయి. ఫొటోలు బ్రహ్మాండంగా కుదిరాయి. తోట వేస్తే అవి వచ్చేస్తాయని పదిమందికీ చెప్పాను. నా పూలమీద వాలినవన్నీ ఎవరి గట్టు మీదో, ఎవరూ పీకని మొక్కల ఆకు తిని పెరిగినవని అప్పుడు నాకు తట్టలేదు. పువ్వు పెద్దదానికి ఒక పూట తేనె ఇస్తుంది. దాని పిల్ల బతకాలంటే ఆకు కావాలి. ఆకును పీకి పువ్వును నాటాను.

మందు కొట్టించిన సంగతికి వస్తాను. ఆ పొద్దు నేను చిలుకూరు దగ్గరి మృగవనిలో ఉన్నాను. 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవిముక్క అది. తునికి చెట్ల దగ్గర బారొనెట్ అనే సీతాకోకచిలుక కనిపిస్తుందేమోనని వెతుకుతున్నాను. తునికి ఆకు దాని పిల్లలకు తిండి అని పుస్తకంలో చదివే వెళ్లాను. అరుదైనది కావాలనుకున్నప్పుడు ఆకు గుర్తొచ్చింది, ఇంట్లో ఉన్న చెట్టు విషయంలో గుర్తురాలేదు. అప్పుడే అత్తమ్మ ఫోన్ చేసింది. ‘నిమ్మచెట్ల ఆకంత పురుగు తింటున్నది బిడ్డా. మందు కొట్టిపియ్యాల్నా?’ అని అడిగింది. నా చూపు ఆకుల్లోనే ఉంది. ‘కొట్టిపియ్యండి అత్తమ్మా, డబ్బులు పంపుతా’ అన్నాను. ఏం పురుగని అడగలేదు. ఫోన్ పెట్టేసి, అక్కడే నిలబడి ఫోన్‌పే చేసి, మళ్లీ వెతుకులాటలో పడ్డాను.

అంతకు ముందటి ఆదివారం పెరట్లో తీసిన ఫొటోలు ఇంకా కెమెరాలోనే ఉన్నాయి. మర్నాడు ఇంట్లో కంప్యూటర్లో వేసి, పనికిరానివి తీసేస్తూ కూర్చున్నాను. ఒక లైమ్ బటర్‌ఫ్లై వరసగా మసకగా పడింది. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనుక రెక్క మూల ఎర్ర చుక్క ఉండే పెద్ద సీతాకోకచిలుక అది. మన పెరళ్లలో సాధారణంగా కనిపించేదే. ఆ ఆదివారం అది ఎంతసేపైనా వాలలేదని నాకు విసుగొచ్చిన మాట గుర్తుంది. పూలన్నీ వదిలి నిమ్మచెట్టు చుట్టూనే తిరుగుతూ, లేత ఆకును తాకి, లేచి, మరో కొమ్మకు పోతూ ఉంది. ఒక ఫొటో తీసేయబోతూ ఎందుకో పెద్దది చేసి చూశాను. రెక్కలు మసక మసకగా కొట్టుకుంటున్నాయి. పొట్ట కొస మాత్రం వంగి చిగురాకును ఆనుకుని ఉంది. పక్క ఫొటోలో ఆ ఆకు మీద ఆవగింజంత లేత పసుపు పూస కనిపించింది.

మెదడు అప్పుడు గాని పనిచేయలేదు. వెంటనే ఫోన్ చేశాను. మందు కొట్టడం నిన్న సాయంత్రమే అయిపోయిందని అత్తమ్మ చెప్పింది.

మరుసటి ఆదివారం వెళ్లి చూస్తే చెట్టుకింద పురుగులు కొన్ని ఎండి పడి ఉన్నాయి. కొన్ని ఆకులకే అతుక్కుని చచ్చి ఉన్నాయి. చిన్నవి నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో, పిట్ట రెట్టలా ఉంటాయి. పిట్ట తన రెట్ట తినదు గనుక ఆ వేషం వాటిని కాపాడుతుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతాయి. ఎవరైనా కదిపితే తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి అవయవాన్ని బయటికి తీస్తాయి, ఘాటు వాసన వదులుతాయి. పిట్టనూ చీమనూ బెదిరించడానికి వాటికున్న బలం అదే. మందు ముందు ఆ బలం ఏం చేస్తుంది? ఆడది ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది. నిమ్మజాతి ఆకో, కరివేపాకో, మారేడో అని నిర్ధారించుకున్నాకే గుడ్డు పెడుతుంది, ఆకుకు ఒక్కటి చొప్పున. మూడు నాలుగు రోజులకు పిల్ల బయటికొస్తుంది. నాలుగుసార్లు చర్మం విడిచి ఐదు దశలు దాటి, పట్టుదారం నడుముకు కట్టుకుని కొమ్మకు ఆనుకుని ప్యూపా అవుతుంది. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి రెక్కల దాకా నెల కూడా పట్టదు. నేను కెమెరాతో కాచుకున్న సీతాకోకచిలుకలు ఆ నెల తిరిగేసరికి నా చెట్టు మీదే పుట్టవలసినవి.

ఆ తర్వాత చాలాకాలం పెరట్లో లైమ్ బటర్‌ఫ్లైలు పలచబడ్డాయి. అంతకు ముందు కూడా అత్తమ్మ చేత మందు కొట్టించానా అని తలచుకుంటే, కొట్టించాను. ‘ఈసారి సీతాకోకచిలుకలు తక్కువగా ఉన్నాయి, వాతావరణం మారిపోయింది’ అని స్నేహితులతో అన్న సంవత్సరం కూడా కొట్టించాను.

అత్తమ్మకు చెప్పాలనుకున్నాను. పెద్ద చెట్టు పైకొమ్మన మందు తగలక మిగిలిన ఒక ఆకుపచ్చ పురుగును చూపించి, ఇదే ఆ నలుపు పసుపు సీతాకోకచిలుక అవుతుందని చెప్పాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. ‘గొంగళి పురుగు సీతాకోకచిలుక అయితదని చిన్నప్పుడు మా బళ్ల సారు చెప్పిండు. గీ పురుగే అని ఎవలు చెప్పలే’ అన్నది.

నేను పిల్లలకు చెప్పింది కూడా అంతే. బోర్డు మీద నేను గీసే గొంగళి పురుగు ఏ జాతిదీ కాదు. ఏ ఆకూ తినదు, ఏ ఊళ్లోనూ ఉండదు. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చి అక్కడితో ఆగిపోతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఎందరి ఇళ్ల ముందు కుండీలో కరివేపాకు మొక్క ఉండి ఉంటుంది! పురుగు పట్టిందని ఎందరు తల్లులు గిల్లి పారేసి ఉంటారు! ‘ఆగమ్మా, ఇది నాకు తెలుసు’ అనగలిగేలా ఒక్క పిల్లకైనా నేను నేర్పలేదు. మందు కొట్టించడం కన్నా ఇదే నన్ను ఎక్కువగా కలచివేస్తోంది.

పాత ఫొటోలన్నీ మళ్లీ తిరగేశాను. రెక్కలు, పూలు, రెక్కలు. ఒక్క గుడ్డు, ఒక్క పురుగు, ఒక్క ప్యూపా లేవు. ఏ ఆకు మీద వాలిందో రాసుకున్న చీటీ కూడా లేదు. అందులోనే ఇంకో తప్పు బయటపడింది. నేను ప్లెయిన్ టైగర్ అని పేరు పెట్టి బడి నోటీసుబోర్డుకు అతికించిన ఫొటో ప్లెయిన్ టైగర్‌ది కాదు, డెనైడ్ ఎగ్‌ఫ్లై ఆడది. ప్లెయిన్ టైగర్ జిల్లేడు పాలలోని విషాన్ని పిల్లప్పుడే ఒంట్లోకి ఎక్కించుకుంటుంది. రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. ఒంట్లో విషం లేని డెనైడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం దాని వేషమే వేసి బతుకుతుంది. వెనుక రెక్క చూస్తే తేడా తెలుస్తుంది. ప్లెయిన్ టైగర్‌కు రెక్క మధ్యలో మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి, దీనికి పైఅంచు దగ్గర ఒక్కటే ఉంటుంది. మగది చూస్తే ఈ రెండింటికీ సంబంధమే లేనట్టు, నల్లని రెక్కల మీద ఊదా మెరుపు అంచుతో పెద్ద తెల్ల మచ్చలు ఉంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2022 సవరణకు ముందు, పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉంచిన సీతాకోకచిలుకల్లో డెనైడ్ ఎగ్‌ఫ్లై ఒకటి. దాని పిల్లలకు ఇష్టమైన తిండి ఏమిటని వెతికితే గంగవాయిలి కూర అని తేలింది. అత్తమ్మ పప్పులో వేసేది, నేను గట్టు పొడవునా పీకించింది. ప్లెయిన్ టైగర్‌కు కావలసిన జిల్లేడు మాత్రం రథసప్తమి పుణ్యమా అని మిగిలింది.

ఆ రోజుల్లోనే మరియా సిబిల్లా మెరియన్ గురించి చదివాను. జర్మనీలో పుట్టిన ఆ చిత్రకారిణి 52 ఏళ్ల వయసులో, 1699లో, చిన్న కూతురిని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది. తిరిగొచ్చి 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేసిన పుస్తకంలో సీతాకోకచిలుకను ఒంటరిగా గీయలేదు. అది తినే మొక్క, ఆ మొక్క మీద పురుగు, ప్యూపా, రెక్కలు వచ్చిన ప్రౌఢజీవి, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. పురుగులను ఇంట్లో పెంచి, వేటికి ఏ ఆకు కావాలో కళ్లారా చూసి గీసింది. మూడు వందల ఏళ్ల కిందట ఆమెకు కెమెరా లేదు. నాకు ఉంది. ఆమె పేజీలో ఉన్న ఆకు నా ఫొటోల్లో లేదు.

ఇప్పుడు చేవెళ్ల దారి నాకు వేరుగా కనిపిస్తుంది. బీజాపూర్ వెళ్లే ఆ రోడ్డు పొడవునా ఉన్న దాదాపు 900 మర్రిచెట్లను కాపాడమని పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. నీడ కోసం, అందం కోసం, వయసు కోసం ఆ చెట్లు ఉండాలని అందరమూ అన్నాం. గోధుమ నలుపు రెక్కల అంచున తెల్ల చుక్కలుండే కామన్ క్రో పిల్లలు మర్రి ఆకు కూడా తింటాయి. ఆ చెట్లు వాటి ఇల్లు కూడా. మా మామిడి చెట్టుకు పట్టే బదనికను ఏటా కొట్టించేవాళ్లం. 2020లో జాతీయ సీతాకోకచిలుక కోసం దేశమంతా ఓట్లు వేసినప్పుడు చివరి మూడింటిలో నిలిచిన కామన్ జెజెబెల్ పెరిగేది ఆ బదనిక మీదే. నేనూ దానికే ఓటు వేశాను. ఓటు వేసిన ఏడాది కూడా బదనిక కొట్టించాం.

1996లో వచ్చిన 111 జీవో మా వైపు ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లను కాపాడడానికి చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలను కట్టడి చేసింది. చెరువుల కోసం పెట్టిన ఆ కట్టడి వల్ల గట్లూ, బీళ్లూ, రేల చెట్లూ, ఆముదం చాళ్లూ కొంతైనా మిగిలాయి. 2022లో 69 జీవోతో ఆ కట్టడి సడలింది. అంతకు ముందు నుంచే ఫామ్‌హౌసులు వస్తూనే ఉన్నాయి. ప్రహరీ లోపల కత్తిరించిన పచ్చిక, అంచున ఒకే రకం పూలు, అవి పచ్చగానే ఉంటాయి. రేల మీద కామన్ ఎమిగ్రెంట్, ఆముదం మీద కామన్ కాస్టర్, రణపాల మీద రెడ్ పియరో, కంది మీద పీ బ్లూ పెరగాలంటే ఆ పచ్చదనం పనికిరాదు. ఇది ఎవరి మీదో నింద కాదు. నా బటర్‌ఫ్లై గార్డెన్ కూడా అలాంటి పచ్చదనమే.

నిమ్మతోట మీద బతికే రైతు మందు కొడితే నేను తప్పు పట్టను. ఈ పురుగు లేత మొక్కను ఆకు లేకుండా చేయగలదు. 2004లో ఇదే లైమ్ బటర్‌ఫ్లై సముద్రాలు దాటి డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించినప్పుడు అక్కడి నిమ్మ, నారింజ తోటల వాళ్లకు దిగులు పట్టిందంటే అర్థముంది. కానీ ఎదిగిన చెట్టు కొన్ని ఆకులు పోయినా తట్టుకుంటుంది. మా పెద్ద చెట్టు కాయలు అమ్మకానికి కావు, తొక్కుకు. దానికి మందు అవసరమే లేదు. అది అత్తమ్మ అడిగినప్పుడు ఆలోచించవలసింది నేను.

ఇప్పుడు బడికి ఒక కొమ్మ తీసుకెళ్తున్నాను. కరివేపాకు కొమ్మ, దాని మీద పిట్ట రెట్టలాంటి పురుగు. సీసా నీళ్లలో పెట్టి, ఆకు అయిపోగానే కొత్త కొమ్మ మారుస్తూ, రెక్కలు వచ్చేదాకా తరగతిలో ఉంచుతాం. కొన్నిసార్లు ప్యూపా నుంచి సీతాకోకచిలుకకు బదులు కందిరీగలు బయటికొస్తాయి. వాటి తల్లి, పురుగు బతికుండగానే దాని ఒంట్లో గుడ్లు పెట్టి ఉంటుంది. పిల్లలు కన్నీళ్లు పెట్టుకుంటారు. అదీ చూడాలి. ఆ డెనైడ్ ఎగ్‌ఫ్లై ఫొటో కింద పేరు మార్చి నోటీసుబోర్డుకు మళ్లీ అతికించాను, పక్కన గంగవాయిలి కూర మొక్క ఫొటోతో.

గట్టు మీద సగం లాంటానా తీయించాను. గంగవాయిలి దానంతట అదే వచ్చింది. బదనిక విషయంలో అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మామిడి కొమ్మ ఎండుతుందని ఆమె భయం, అది నిజం కూడా. ఒక కొమ్మ మీద వదిలేద్దామని అడుగుతున్నాను. చిన్న నిమ్మమొక్కలకు పురుగు పట్టకుండా దోమతెర చుట్టుదామన్న మాట అత్తమ్మదే. ఆమె ముళ్లు వేసింది, నేను తెర పట్టుకున్నాను. పెద్ద చెట్టు జోలికి ఎవరం పోలేదు. పక్క చెలకవాళ్లు టమాటాకు మందు కొట్టే ముందు ఒక మాట చెప్పమని అడిగాం, చెబుతామన్నారు. గాలి మా వైపు వీచే పూట కొట్టొద్దని కూడా అడగాలి. ఇంకా అడగలేదు.